కాశీలో ఏ ఘాట్ దగ్గర దిగాలి: రూమ్ బుక్ చేసే ముందు ఇది చదవండి

కాశీలో రూమ్ కోసం ఫోన్‌లో వెతికేవాళ్ళు దాదాపు అందరూ చేసే మొదటి పని, విశ్వనాథుడి గుడి పేరు కొట్టి దానికి ఏది దగ్గరుంటే దాన్ని బుక్ చేసెయ్యడం. నేనూ మొదటిసారి అదే చేశాను. మ్యాప్‌లో గుడికి 300 మీటర్లు, కిటికీలోంచి గంగ కనిపిస్తున్నట్టు ఫోటో, రేటు కూడా అందుబాటులోనే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. అది మణికర్ణికకు పోయే సందుల్లో ఒక పాత ఇల్లు, లాడ్జిగా మార్చారు. ఆటో అతను మైదాగిన్ చౌరస్తాలోనే దింపేశాడు, ఇక లోపలికి బండ్లు రావన్నాడు. అక్కడి నుంచి రెండు సూట్‌కేసులు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని సందులు, మధ్యలో ఆవులు, వెనక నుంచి 'రామ్ నామ్ సత్య హై' అంటూ పాడె మోసుకొచ్చేవాళ్ళకు గోడకు అతుక్కుని దారివ్వడం. చివరికి చేరాక తెలిసింది, మన గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఒక్కో మెట్టు మోకాలెత్తు ఉంది. అమ్మ ఎలాగో ఎక్కింది కానీ ఆ రోజు మళ్ళీ కిందికి దిగలేకపోయింది. మూడు రోజుల యాత్రలో ఒక రోజంతా ఆ గదిలోనే గడిచిపోయింది, గంగ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, ఆవిడ మాత్రం వెళ్ళి మునగలేకపోయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత ఇంకో ఐదుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ వేరే వేరే చోట దిగాను, బంధువులకూ స్నేహితులకూ రూమ్‌లు చూసి పెట్టాను. వీటన్నిటి నుంచి నాకు అర్థమైంది ఒకటే. కాశీలో దూరాన్ని మీటర్లలో లెక్కపెట్టకండి, మెట్లలో లెక్కపెట్టండి. మీ గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి పొద్దున్నే ఏ ఘాట్‌లో దిగి స్నానం చేయగలరో ముందు తేల్చుకోండి, ఆ ఘాట్‌కి దగ్గరలో గది చూడండి. గుడి సంగతి తర్వాత, గుడికి ఎక్కడినుంచైనా పోవచ్చు.

ముందు ఊరి ఆకారం తెలియాలి

గంగ కాశీ దగ్గర ఉత్తరం వైపు పారుతుంది. ఊరంతా పడమటి గట్టు మీద ఉంది, అవతల గట్టున ఇసుక, అందుకే ఏ ఘాట్‌లో నిలబడినా సూర్యుడు ఎదురుగా నదిలోంచి లేచినట్టు కనిపిస్తాడు. దక్షిణాన అస్సి, ఉత్తరాన వరుణ గంగలో కలిసే చోట ఆదికేశవ ఘాట్, ఈ రెంటి మధ్యా సుమారు ఆరేడు కిలోమీటర్ల పొడవున 84 ఘాట్‌లని లెక్క చెబుతారు. ఘాట్‌ల వెనకే పాత ఊరు, సందులు. ఆ సందులు దాటాక బండ్లు తిరిగే రోడ్డు. ఇంకా పడమటికి పోతే సిగ్రా, కంటోన్మెంట్, రైల్వే స్టేషన్, కొత్త హోటళ్ళు.

మన పెద్దవాళ్ళు కాశీని మూడు ఖండాలుగా చెబుతారు, ఉత్తరాన ఓంకార ఖండం, మధ్యలో విశ్వేశ్వర ఖండం, దక్షిణాన కేదార ఖండం. గది వెతికేటప్పుడు కూడా ఈ లెక్కే పనికొస్తుంది, ఎందుకంటే ఈ మూడు చోట్లా మనుషులు, సందులు, సందడి, దొరికే తిండి, అన్నీ తేడాగా ఉంటాయి.

ఇంకో చిన్న కిటుకు. కాశీలో పాత ఇంటి నంబర్లు అక్షరంతో మొదలవుతాయి, ఆ అక్షరం పేటను చెబుతుంది. సీకే అంటే చౌక్, అంటే మణికర్ణిక, విశ్వనాథ గుడి చుట్టుపక్కల సందులు. డి అంటే దశాశ్వమేధ. బి అంటే భేలూపూర్, కేదార్ ఘాట్ నుంచి అస్సి దాకా చాలా ఇళ్ళు ఇందులోకే వస్తాయి. కే అంటే కొత్వాలీ, కాలభైరవుడి గుడి వైపు. హోటల్ వాళ్ళు పేజీలో 'ఘాట్ పక్కనే', 'గుడి పక్కనే' అని ఎన్నైనా రాసుకుంటారు, మీరు అడ్రస్‌లో ఆ మొదటి అక్షరం చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

విశ్వేశ్వర ఖండం: గుడి చుట్టూ

గోదౌలియా చౌరస్తా, దశాశ్వమేధ ఘాట్, చౌక్, మణికర్ణిక, ఇదంతా నడిబొడ్డు. 2021 డిసెంబర్ 13న విశ్వనాథ ధామ్ కారిడార్ ప్రారంభించాక గుడి పరిసరాలు చాలా మారాయి, ఇదివరకటి ఇరుకు సందుల చోట విశాలమైన ప్రాంగణం వచ్చింది, లలితా ఘాట్ నుంచి గంగా ద్వారం మీదుగా నేరుగా గుడికి మెట్లెక్కి పోవచ్చు. మొదటిసారి వెళ్ళి, ఒకటి రెండు రాత్రులే ఉండి, ముఖ్యంగా దర్శనం కోసమే వచ్చిన కాళ్ళు బాగున్నవాళ్ళకు ఈ ప్రాంతమే సరైనది. తెల్లవారుజామున మూడింటికి జరిగే మంగళ హారతికి టికెట్ తీసుకున్నారా, అయితే కళ్ళు మూసుకుని ఇక్కడే దిగండి, ఆ వేళ దూరం నుంచి బండి మాట్లాడుకుని రావడం పెద్ద టెన్షన్. గుడిలోకి ఫోన్, బ్యాగు రానివ్వరు, గది దగ్గరుంటే అన్నీ గదిలోనే వదిలేసి చేతిలో పూలూ పాలూ పట్టుకుని పోవచ్చు, షాపుల్లో లాకర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. అన్నపూర్ణ అమ్మవారు, డుంఢి గణపతి, మీర్ ఘాట్‌లో విశాలాక్షి, కాస్త పక్కనే వారాహి అమ్మవారు, అన్నీ ఇక్కడే నడిచే దూరంలో ఉంటాయి. వారాహి గుడి పొద్దున్నే కొద్దిసేపు మాత్రమే తెరుస్తారు, దూరంగా దిగినవాళ్ళు చాలామంది ఆ దర్శనం పోగొట్టుకుంటారు.

కానీ ఇక్కడే కష్టం కూడా ఎక్కువ. రద్దీ ఉన్నప్పుడు గోదౌలియాకు చాలా ముందే కార్లు, ఆటోలు ఆపేస్తారు, ఆ తర్వాత సైకిల్ రిక్షా దొరికితే అదృష్టం, లేకపోతే నడకే. సాయంత్రం దశాశ్వమేధలో గంగా హారతి అయ్యాక ఆ రోడ్డంతా ఒక్కసారిగా జనంతో నిండిపోతుంది, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. మణికర్ణికలో రాత్రీ పగలూ చితులు ఆగవు. పొగ, బూడిద, కట్టెల దుంగలు, పాడెలు, ఇవన్నీ ఆ సందుల్లో రోజువారీ. కొందరు అది చూడడానికే, దాని పక్కన కూర్చుని ఆలోచించుకోవడానికే వస్తారు, వాళ్ళ భావన నాకు అర్థమవుతుంది, నేనూ అక్కడ గంటలు గంటలు కూర్చున్నాను. పదేళ్ళలోపు పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం నిద్ర లేచీ లేవగానే అదే కనిపించే గది వద్దు అనే నేను చెబుతాను.

అందుకని ఈ ప్రాంతంలో ఉండాలనుకుంటే మణికర్ణిక వెనక సందుల్లోకి పోకుండా గోదౌలియా నుంచి దశాశ్వమేధకు పోయే పెద్ద రోడ్డు మీద, లేదా దానికి ఒక్క సందు లోపల చూడండి. గంగ కనిపించదు, హారన్లు వినిపిస్తాయి, ఒప్పుకుంటాను. కానీ సామాను మోసే బాధ తప్పుతుంది, రాత్రి పదింటికి దారి తప్పే భయం ఉండదు.

కేదార ఖండం: మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోటు

నా ఓటు ఎప్పుడూ దీనికే. చౌసట్టీ ఘాట్ నుంచి పాండే ఘాట్, నారద ఘాట్, మానస సరోవర్ ఘాట్, కేదార్ ఘాట్, అక్కడి నుంచి హరిశ్చంద్ర ఘాట్, హనుమాన్ ఘాట్ దాకా ఉన్న ఈ ముక్కలో తరతరాలుగా దక్షిణాది వాళ్ళు ఉంటున్నారు. హనుమాన్ ఘాట్ వైపు తమిళులు ఎక్కువ, కంచి మఠం అక్కడే ఉంది. మానస సరోవర్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది, తెలుగువాళ్ళకు కాశీలో పుట్టింటి లాంటిది, అన్నదానం కూడా జరుగుతుంది, అక్కడ గది దొరక్కపోయినా ముందే వెళ్ళి పేరు చెప్పి వస్తే మధ్యాహ్నం మన వంటే తినొచ్చు. కేదార్ ఘాట్ పక్కనే ఉన్న ఘాట్ పేరు విజయనగరం ఘాట్, మన విజయనగరం రాజులు కట్టించిందే. మొదటిసారి ఆ పేరు గోడ మీద చూసినప్పుడు మా నాన్న చెప్పులు విడిచి ఆ మెట్లకు దణ్ణం పెట్టుకున్నారు, ఆయన పుట్టిందీ పెరిగిందీ ఆ జిల్లాలోనే.

ఇక్కడి సందుల్లో తెలుగు వినిపిస్తుంది. పురోహితులు దొరుకుతారు, సంకల్పం మన గోత్రనామాలతో మనకు అర్థమయ్యేలా చెబుతారు, పిండ ప్రదానం, తర్పణాలు చేయించుకోవాలనుకునేవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం. ఇడ్లీ, సాంబారు, పెరుగన్నం దొరికే చిన్న హోటళ్ళు ఉన్నాయి, నాలుగు రోజులు పూరీ కచోరీ తిన్నాక దాని విలువ తెలుస్తుంది. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మొక్కుకున్నవాళ్ళు ఎక్కువగా ఈ చుట్టుపక్కల సత్రాల్లోనే దిగుతారు.

ఇంకో లాభం, దీని వెనకే బండ్లు తిరిగే రోడ్డు ఉంది. గోదౌలియా నుంచి మదన్‌పురా, సోనార్‌పురా, శివాలా మీదుగా అస్సి వైపు పోయే రోడ్డు ఇది. ఈ-రిక్షాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. పాండే హవేలీ దగ్గరో సోనార్‌పురా దగ్గరో దిగి రెండు మూడు వందల మీటర్లు సందులో నడిస్తే ఘాట్. మణికర్ణిక సందుల నడకకూ దీనికీ పోలికే లేదు.

కేదారేశ్వరుడి గుడి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఎరుపు తెలుపు చారల గోడలతో ఘాట్ పైనే ఉంటుంది, కింద గౌరీ కుండం. విశ్వనాథుడి దగ్గర క్షణం నిలబడనివ్వరు, ఇక్కడ మాత్రం పొద్దున్నే గంగలో మునిగి తడిబట్టలతో మెట్లెక్కి వచ్చి కేదారుడి ముందు తీరిగ్గా కూర్చోవచ్చు. మా అమ్మను రెండోసారి తీసుకెళ్ళినప్పుడు ఇక్కడే దించాను, ఐదు రోజులూ ఐదు స్నానాలు చేసింది. అయితే కేదార్ ఘాట్ మెట్లు నిలువుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే గుడి దగ్గర నుంచి దిగకుండా పక్కన మానస సరోవర్ వైపో పాండే ఘాట్ వైపో ఒకసారి మీరే ముందు వెళ్ళి చూసుకుని, ఏది సులువుగా ఉంటే అటు తీసుకెళ్ళండి. సాయంత్రం చేరిన వెంటనే ఈ పని చేసి పెట్టుకుంటే పొద్దున చీకట్లో తడుముకోవడం ఉండదు.

విశ్వనాథుడి గుడికి ఇక్కడి నుంచి ఘాట్‌ల మీదుగా నడిస్తే కిలోమీటరున్నర అవుతుంది, ఇరవై పాతిక నిమిషాలు. నడవలేనివాళ్ళు పడవ మాట్లాడుకుని లలితా ఘాట్‌లో దిగి గంగా ద్వారం నుంచి పోవచ్చు, కానీ అక్కడా మెట్లు బాగానే ఉంటాయి. లేదంటే ఈ-రిక్షాలో గోదౌలియా దాకా పోయి అక్కడి నుంచి సమతలం మీద నడిచి నాలుగో నంబర్ గేటుకు చేరుకోండి, పెద్దవాళ్ళతో నేను చేసేది ఇదే.

హరిశ్చంద్ర ఘాట్ కూడా శ్మశానమే, ఇక్కడా చితులు వెలుగుతూనే ఉంటాయి. ఇబ్బంది అనుకునేవాళ్ళు దానికి ఉత్తరంగా, మానస సరోవర్ నుంచి చౌసట్టీ మధ్యలో చూసుకుంటే సరిపోతుంది.

సత్రాల గురించి ఒక మాట. రేటు తక్కువ, శుభ్రంగానే ఉంటాయి, కానీ ఒక్కో చోట ఒక్కో నియమం. కొన్ని ఒంటరిగా వచ్చినవాళ్ళకు గది ఇవ్వవు, కొన్ని మూడు రాత్రులకు మించి ఉండనివ్వవు, కొన్ని ఫలానా సంఘం వాళ్ళకే. అందరి ఆధార్ కార్డులూ అసలైనవి దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో 'రండి చూద్దాం' అంటే గది ఖాయమైనట్టు కాదు, పేరు రాసుకున్నారా, ఏ తేదీకి రాసుకున్నారు అని అడిగి తెలుసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, కుటుంబంతో వెళ్తూ సత్రం మీదే పూర్తిగా ఆధారపడకండి, మొదటి రాత్రికి డబ్బు తిరిగి ఇచ్చే షరతుతో వేరే గది ఒకటి చేతిలో పెట్టుకోండి.

అస్సి

దక్షిణం కొసన ఉంది. మెట్లు వెడల్పుగా, ఘాట్ విశాలంగా ఉంటుంది, బండి దాదాపు ఘాట్ దాకా వస్తుంది. తెల్లవారుజామున సుబహ్-ఎ-బనారస్ పేరుతో హారతి, వేదపఠనం, సంగీతం, యోగా జరుగుతాయి, సాయంత్రం దశాశ్వమేధ హారతి తొక్కిసలాటలో చూడలేకపోయినవాళ్ళు ఈ పొద్దుటి హారతి చూస్తే చాలు, కడుపు నిండిపోతుంది. సంకటమోచన హనుమంతుడు, దుర్గాకుండ్, తులసీ మానస మందిరం, 1916లో మొదలైన బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, అందులోని కొత్త విశ్వనాథ మందిరం, ఇవన్నీ ఇటువైపే. విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న పిల్లల్ని చూడడానికి వచ్చే తల్లిదండ్రులకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

వారం పది రోజులు ఉండేవాళ్ళు, లాప్‌టాప్‌లో పని చేసుకుంటూ ఉండాలనుకునేవాళ్ళు, ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు అస్సినే చూడండి. కాఫీ షాపులు, రాత్రి పదిదాకా మనుషుల అలికిడి, వెలుతురు ఉంటాయి. గుడి మాత్రం మూడు కిలోమీటర్ల పైనే. రోజూ విశ్వనాథ దర్శనం చేయాలనుకునేవాళ్ళకు ఆ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకు రెండు గంటలు పోతుంది. కానీ కాళ్ళల్లో సత్తువ ఉంటే ఒక్కసారైనా అస్సి నుంచి దశాశ్వమేధ దాకా ఘాట్‌ల మీదే నడవండి, సూర్యోదయానికి బయల్దేరితే ఎండ ఎక్కకముందే చేరిపోతారు.

ఓంకార ఖండం, ఉత్తరపు ఘాట్‌లు

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఇది చెప్పను. రెండోసారో మూడోసారో వెళ్తూ జనం లేని కాశీ చూడాలనుకునేవాళ్ళకు చెబుతాను. పంచగంగా ఘాట్, బిందుమాధవుడి గుడి, ఆ పక్కనే త్రైలింగ స్వామి మఠం. ఆయన మన విజయనగరం వైపు నుంచి వెళ్ళిన తెలుగు మహాత్ముడు, దశాబ్దాలు కాశీలోనే ఉండి 1887లో సమాధి చెందారు. మన తెలుగు యాత్రికులు చాలామంది ఆ మఠం గుమ్మం తొక్కకుండానే తిరిగి వచ్చేస్తారు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది, గది ఎక్కడ తీసుకున్నా ఒక పూట పడవలో వెళ్ళి రండి. కాలభైరవుడి గుడి కూడా కాస్త లోపలికి ఇటువైపే.

ఇంకా ఉత్తరాన రాజ్‌ఘాట్, దాని దగ్గరే చేతులు జోడించిన పెద్ద శిల్పాలున్న నమో ఘాట్. బస్సు మాట్లాడుకుని ఊరి నుంచి నలభై యాభై మంది కలిసి వచ్చేవాళ్ళకు ఈ వైపు పనికొస్తుంది, బండి ఘాట్ దగ్గరి దాకా వస్తుంది, ర్యాంపులు ఉన్నాయి, అక్కడి నుంచే పడవ ఎక్కొచ్చు. లాడ్జిలు, తిండి మాత్రం ఇటు తక్కువ.

కంటోన్మెంట్, సిగ్రా, నదేసర్

లిఫ్ట్, గుమ్మం దాకా కారు, వీల్‌చైర్ తిరిగే బాత్‌రూమ్, ఇవి తప్పనిసరి అయినవాళ్ళు మొహమాటపడకుండా ఇక్కడే దిగండి. పాత ఊళ్ళో ఇవన్నీ కలిసి దొరకడం చాలా కష్టం. స్టేషన్ నుంచి గోదౌలియాకు నాలుగైదు కిలోమీటర్లే, కానీ ఆ కొద్ది దూరానికే ముప్పావుగంట పట్టిన రోజులున్నాయి. ఇక్కడ దిగితే రోజుకు రెండుసార్లు ఊళ్ళోకి పోయి రావడం జరిగే పని కాదు, పొద్దున్నే బయల్దేరితే రాత్రికే తిరిగి చేరతారు, పెద్దవాళ్ళకు మధ్యాహ్నం నడుం వాల్చడానికి చోటుండదు. అందుకే ఇది తప్పనిసరి అయితేనే తీసుకోవాల్సిన చోటు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఏసీ, బఫే బ్రేక్‌ఫాస్ట్ కోసం ఇక్కడ దిగి గంగను రోజుకొక గంట చూసి వెళ్ళిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సారనాథ్ దగ్గరా, గంగ అవతల రామ్‌నగర్‌లోనూ కూడా గదులున్నాయి, పగలు చూసి రావడానికి బాగుంటాయి, రాత్రి ఉండడానికి అక్కర్లేదు.

నెలను బట్టి లెక్క మారుతుంది

జులై చివరి నుంచి సెప్టెంబర్ దాకా గంగ పొంగుతుంది. కాశీ దగ్గర ప్రమాద స్థాయి 71.26 మీటర్లు. అది దాటకముందే కింది మెట్లన్నీ మునిగిపోతాయి, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు గట్టు మీద నడిచే దారి ఉండదు, పడవలు ఆపేస్తారు, హారతి కూడా పైకి మారుస్తారు. ఆ రోజుల్లో 'ఘాట్ మీదే గది' అనే మాటకు అర్థం లేదు, పైగా సందుల్లోకి నీళ్ళు రావచ్చు. శ్రావణంలో వెళ్తే మెయిన్ రోడ్డుకు దగ్గరగా, గోదౌలియా సోనార్‌పురా మధ్యలో తీసుకోండి. ఉత్తరాది వాళ్ళ శ్రావణం మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతుందని మర్చిపోకండి, మనకింకా ఆషాఢమే కదా అని టికెట్లు తీసుకున్న మా పక్కింటివాళ్ళు సోమవారం నాడు కావడి యాత్రికుల మధ్య క్యూలో నిలబడ్డారు.

కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, ఘాట్‌లన్నీ దీపాలతో నిండిపోయే రోజు. నది కనిపించే గదుల రేట్లు ఆ రెండు రోజులు ఎన్నో రెట్లవుతాయి, నెలల ముందే నిండిపోతాయి. చూడాలని ఉంటే గది కేదార ఖండంలో లోపలి సందులో తీసుకుని, మెట్ల మీద కూర్చుని చూడండి. మహాశివరాత్రికీ అంతే రద్దీ. 2023 ఏప్రిల్ 22 నుంచి జరిగిన గంగా పుష్కరాల పన్నెండు రోజులూ కేదార్, పాండే ఘాట్‌ల వైపు మన తెలుగువాళ్ళే కనిపించారు, సత్రాల్లో వరండాల్లో కూడా చోటు లేదు. మళ్ళీ పుష్కరాలు 2035లో, అప్పటికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పటి నుంచే ఒక సత్రం వాళ్ళతో పరిచయం పెంచుకోవడం తప్పేం కాదు.

డిసెంబర్, జనవరిలో చలి ఎక్కువ, పొగమంచుకు రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యం. రాత్రి పదింటికి రావాల్సిన రైలు తెల్లవారుజామున వస్తే సందుల్లోని లాడ్జి తలుపు వేసి ఉంటుంది. ఆ నెలల్లో మొదటి రాత్రి స్టేషన్ దగ్గరే పడుకుని తెల్లారాక లోపలికి మారడం సుఖం.

డబ్బు కట్టే ముందు ఫోన్ చేయండి

యాప్‌లో రివ్యూలు చదివినా సరే, నేరుగా ఫోన్ చేసి మాట్లాడకుండా కాశీలో గది తీసుకోకండి. హిందీ రాకపోయినా రెండు ప్రశ్నలు నేర్చుకోండి. 'గాడీ కహా తక్ ఆయేగీ?' అంటే బండి ఎక్కడిదాకా వస్తుంది అని. 'కమ్రే తక్ కిత్‌నీ సీఢియా హై?' అంటే గదిదాకా మెట్లెన్ని అని. 'థోడీ సీ హై' అంటే ఒప్పుకోకండి, అంకె చెప్పమనండి. ఆ తర్వాత గది ఏ అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, గీజర్ పనిచేస్తుందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా అని అడగండి. గంగ కనిపిస్తుందని రాసి ఉంటే గదిలోంచా మేడ మీద నుంచా అని తప్పకుండా అడగండి, చాలాసార్లు ఆ ఫోటో మేడ మీద తీసిందే. కిటికీలకు జాలీ ఉందో లేదో కనుక్కోండి, కోతులు గదిలోకి వచ్చి మాత్రల డబ్బాలు కూడా ఎత్తుకుపోతాయి. మంగళ హారతికి పోవాలంటే రాత్రి రెండున్నరకు వీధి తలుపు ఎవరు తీస్తారో ముందే మాట్లాడుకోండి, చాలా పాత ఇళ్ళకు పది పదకొండింటికి తాళం వేసేస్తారు.

స్టేషన్‌లో దిగాక ఆటో అతను 'ఆ హోటల్ మూసేశారు, అక్కడ నీళ్ళొచ్చాయి, నేను మంచి చోటు చూపిస్తా' అంటే నమ్మకండి, కమీషన్ కోసం చెప్పే మాట అది. గది వాళ్ళకు ఫోన్ చేసి, బండి ఆగే చోటుకు ఒక మనిషిని పంపమనండి. సామాను మోసి దారి చూపించినందుకు వంద రూపాయలు ఎక్కువ ఇచ్చినా ఫర్వాలేదు, పెద్దవాళ్ళు మొదటిరోజే అలిసిపోకుండా ఉంటారు. సూట్‌కేసులకు బదులు భుజాన వేసుకునే బ్యాగులు తెచ్చుకోండి, ఆ రాళ్ళ సందుల్లో చక్రాలు తిరగవు.

నాలుగు రోజుల పైన ఉండేవాళ్ళు చోటు మార్చుకోవచ్చు కూడా. నేను ఈమధ్య చేసేది, మొదటి మూడు రాత్రులు కేదార్ దగ్గర, చివరి రాత్రి రైలును బట్టి. కాశీ వెళ్ళే రైళ్ళన్నీ ఒకే స్టేషన్‌లో ఆగవు. వారణాసి జంక్షన్ ఒకటి, పూర్వం మండువాడీహ్ అని పిలిచిన బనారస్ స్టేషన్ ఇంకొకటి. సికింద్రాబాద్ నుంచి వెళ్ళే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ అయితే ఊళ్ళోకే రాదు, గంగ అవతల దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొఘల్‌సరాయ్‌లో ఆగుతుంది. కేదార్ నుంచి అక్కడికి పదిహేను కిలోమీటర్ల పైన, గంగ మీద వంతెన దాటాలి, వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే గంటన్నర పట్టొచ్చు. రైలు తెల్లవారుజామునైతే ముందు రాత్రే అటు పోయి స్టేషన్ దగ్గర పడుకోండి. మధ్యాహ్నం రైలైతే పొద్దున స్నానం, కేదారేశ్వర దర్శనం చేసుకుని, గంగ చెంబు సీల్ వేయించుకుని, రైలు టైముకు మూడు గంటల ముందు సోనార్‌పురా రోడ్డు మీదకు వచ్చేయండి.